తెరుచుకోని వర్చువల్ మెషీన్: ఏ ఫైలు పోతే ఏం చేయాలి

2023 ఫిబ్రవరి మొదటి వారంలో ప్రపంచవ్యాప్తంగా వేల ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వర్లలో (ఒకే కంప్యూటర్ మీద అనేక మెషీన్లను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఉన్నవి) వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే కంప్యూటర్లు, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఈఎస్‌ఎక్స్‌ఐ-ఆర్గ్స్ అని పేరు పడ్డ రాన్సమ్‌వేర్ వాటి ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసినట్టు చదవలేని రూపంలోకి మార్చి), డబ్బు కట్టమని నోటీసు పెట్టింది. అది చొరబడిందని భావించిన లోపానికి వీఎంవేర్ సంస్థ 2021 ఫిబ్రవరిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. రెండేళ్లయినా ఆ ప్యాచ్ వేయని సర్వర్లు చాలానే మిగిలాయన్నమాట. బాధిత సర్వర్లు 3,800కు పైనే ఉంటాయని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్‌ఏ, ఎఫ్‌బీఐ కలిసి ప్రకటించాయి.

అయితే ఎనెస్ సోన్మెజ్, అహ్మెత్ ఐకాచ్ అనే ఇద్దరు నిపుణులు ఆ ఫైళ్లను జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి బయటపడింది. చాలా మెషీన్లలో పాడైనవి చిన్న చిన్న వివరణ ఫైళ్లే. అసలు డేటా ఉండే పెద్ద ఫైలు దాదాపుగా చెక్కుచెదరలేదు. చిన్న ఫైళ్లను మళ్లీ రాసుకుంటే మెషీన్ లేచి కూర్చుంటుంది. వాళ్లు చూపిన ఈ దారి ఆధారంగానే సీఐఎస్‌ఏ కొద్ది రోజుల్లో ఒక రికవరీ స్క్రిప్టును అందరికీ ఇచ్చింది. ఆ తర్వాత దాడి చేసేవాళ్లు పద్ధతి మార్చి పెద్ద ఫైళ్లలో చాలా భాగాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలుపెట్టారు. దాంతో కొత్త బాధితులకు ఆ స్క్రిప్టు పనికిరాలేదు.

దొంగల సంగతి అలా ఉంచితే, కరెంటు పోయినప్పుడు, డిస్క్ నిండిపోయినప్పుడు, ఎవరో పొరపాటున ఫోల్డర్ సర్దినప్పుడు వర్చువల్ మెషీన్ తెరుచుకోకపోవడం వెనుక ఉండేదీ ఇదే లెక్క. పట్టాదారు పాస్‌బుక్ పోయినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, కొత్తది రాయించుకోవచ్చు. అసలు నష్టం చాలాసార్లు పాస్‌బుక్ పోయిన రోజు జరగదు. కంగారులో ఆ తర్వాత చేసే పనుల వల్ల జరుగుతుంది.

ఫోల్డర్‌లో ఏముంటుంది

వీఎంవేర్ మెషీన్ ఫోల్డర్ తెరిస్తే పది పదిహేను ఫైళ్లు కనిపిస్తాయి. వీఎంఎక్స్ అనేది మామూలు టెక్స్ట్ ఫైలు. మెమరీ ఎంత, ప్రాసెసర్లు ఎన్ని, ఏ డిస్క్ ఏ కంట్రోలర్‌కు (డిస్క్‌ను కంప్యూటర్‌తో కలిపే పరికరానికి) తగిలించి ఉంది, నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (దాని గుర్తింపు సంఖ్య) ఏమిటి అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. వీఎండీకే పేరుతో రెండు ఫైళ్లు ఉంటాయి. ఒకటి కిలోబైటు కూడా నిండని డిస్క్రిప్టర్ (వివరణ ఫైలు), రెండోది పేరు చివర ‘ఫ్లాట్’ అని ఉండే భారీ ఫైలు. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, అకౌంట్లు అన్నీ ఈ ఫ్లాట్‌లోనే ఉంటాయి. స్నాప్‌షాట్లు (మెషీన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని నిలిపి ఉంచేవి) తీసి ఉంటే 000001, 000002 అంటూ అంకెలున్న, ఆ తర్వాతి మార్పులు రాసుకునే డెల్టా ఫైళ్లు, వాటికీ చెరొక డిస్క్రిప్టర్. వీటితోపాటు స్నాప్‌షాట్ల జాబితా రాసుకునే వీఎంఎస్‌డీ, బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) సెట్టింగులు ఉండే ఎన్‌వీర్యామ్, మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్ ఫైలు, ఏం జరిగిందో రాసుకునే కొన్ని లాగ్ ఫైళ్లు.

వీటిలో పోతే నిజంగా పోయినట్టే అనదగ్గవి రెండే రకాలు: ఫ్లాట్, డెల్టా. మిగతావి సాధారణంగా ఎంతో కొంత శ్రమతో మళ్లీ తయారు చేసుకోదగ్గవే. కాబట్టి ‘మెషీన్ పోయింది’ అని ఎవరైనా ఫోన్ చేస్తే మొదట అడగాల్సిన ప్రశ్న, ఆ పెద్ద ఫైళ్లు ఉన్నాయా, వాటి సైజు ఎంత చూపిస్తోంది అనేదే.

చేయకూడని పనులు ముందు

ఎర్రర్ రాగానే చేతులు పవర్ ఆన్ బటన్ మీదకే పోతాయి. ఒకసారి కాదు, అయిదారుసార్లు. వీఎంవేర్‌లో పవర్ ఆన్ చేసిన ప్రతిసారీ కొత్త లాగ్ మొదలవుతుంది, పాతవి వెనక్కి జరుగుతాయి, ఓ హద్దు దాటాక బాగా పాతవి చెరిగిపోతాయి. మెషీన్ చివరిసారి సవ్యంగా నడిచినప్పటి లాగ్ ఎంత విలువైనదో కింద తెలుస్తుంది. పైగా ఏదో ఒక ప్రయత్నంలో మెషీన్ సగం లేచి డిస్క్ మీద రాసిందంటే, బాగుపడే కేసు కాస్తా బాగుపడని కేసు అవుతుంది.

అందుకే మొదటి పని మెషీన్‌ను ఆఫ్‌లోనే ఉంచడం. రెండో పని ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్‌కు కాపీ తీయడం, ఆ తర్వాత చేసే ప్రయోగాలన్నీ కాపీ మీదే చేయడం. ‘400 జీబీ కాపీకి చోటెక్కడ ఉంది?’ అన్న మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. అకౌంట్లు పోయాక పెట్టే ఖర్చుతో పోలిస్తే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఖరీదు ఏపాటిది! ఒక్క జాగ్రత్త: ఆ డిస్క్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాలి.

మెషీన్ ఉన్న హార్డ్‌డిస్కే చదవడంలో తడబడుతూ ఉంటే మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాలి. అది ముందు సులువుగా చదవగలిగిన భాగాలన్నీ తీసుకుని, చెడ్డ సెక్టార్ల దగ్గరకు తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా చదివిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించవచ్చు.

డిస్క్రిప్టర్ పోతే

ఈఎస్‌ఎక్స్‌ఐలో మెషీన్ల ఫైళ్లు ఉండే చోటును (డేటాస్టోర్) చూపే బ్రౌజర్ మామూలుగా డిస్క్రిప్టర్‌ను, ఫ్లాట్‌ను కలిపి ఒకే ఫైలుగా చూపిస్తుంది. అక్కడ ఫ్లాట్ అన్న పేరు విడిగా కనిపించిందంటే డిస్క్రిప్టర్ లేనట్టే. చూడగానే గుండె గుభేలుమంటుంది గానీ, ఉన్న సమస్యల్లో తేలికైనది ఇదే.

డిస్క్రిప్టర్‌లో కీలకమైన లైను ఒకటుంది. డిస్క్‌లో ఎన్ని సెక్టార్లు (512 బైట్ల ముక్కలు) ఉన్నాయి, డేటా ఏ ఫైలులో ఉంది అని చెప్పే లైను. ఆ అంకెను ఎవరైనా లెక్క కట్టవచ్చు: ఫ్లాట్ ఫైలు సైజును బైట్లలో చూసి 512తో భాగిస్తే చాలు. 40 జీబీ డిస్క్ అయితే 42949672960 బైట్లు, అంటే 83886080 సెక్టార్లు. ఒక్క సెక్టారు తేడా వచ్చినా డిస్క్ తెరుచుకోదు కాబట్టి సైజును జీబీల్లో కాకుండా బైట్లలోనే చూడాలి.

డిస్క్రిప్టర్ మొత్తాన్ని చేత్తో రాయాల్సిన పని లేదు. వీఎంకేఎఫ్‌ఎస్‌టూల్స్ అనే కమాండ్‌తో అదే సైజులో, అదే కంట్రోలర్ రకంతో ఒక తాత్కాలిక థిన్ డిస్క్ (రాసినంత మేరకే చోటు తీసుకునేది) సృష్టిస్తే దానికి కొత్త డిస్క్రిప్టర్ పుడుతుంది. థిన్ కాబట్టి చోటు కూడా పెద్దగా తినదు. ఆ తర్వాత తాత్కాలిక డిస్క్ తాలూకు ఫ్లాట్‌ను తీసేసి, డిస్క్రిప్టర్ పేరు మార్చి, అందులోని లైనులో పాత ఫ్లాట్ పేరు రాయాలి. పాత డిస్క్ థిన్ కాకపోతే థిన్ అని చెప్పే లైనును కూడా తొలగించాలి. రెండు ఫ్లాట్‌లు ఒకే ఫోల్డర్‌లో ఒకే సైజు చూపిస్తూ పక్కపక్కనే ఉంటాయి. ఏది తీసేస్తున్నామో ఒకటికి రెండుసార్లు పేరు చదివి మరీ ఎంటర్ కొట్టాలి. డెస్క్‌టాప్ మీద నడిచే వర్క్‌స్టేషన్‌లో సంగతి కాస్త వేరు. అక్కడ ఒకే ఫైలుగా ఉండే పెరిగే డిస్క్‌లలో డిస్క్రిప్టర్ ఆ ఫైలు మొదట్లోనే ఇమిడి ఉంటుంది. అలాంటి డిస్క్‌ను పరీక్షించి బాగుచేయడానికి వీడిస్క్‌మేనేజర్ అనే కమాండ్ ఉంది.

వీఎంఎక్స్ పోతే

లాగ్ విలువ ఇక్కడ తెలుస్తుంది. మెషీన్ పవర్ ఆన్ అయిన ప్రతిసారీ తన కాన్ఫిగరేషన్ మొత్తాన్ని లాగ్ మొదట్లో ‘డిక్ట్’ అన్న మాటతో మొదలయ్యే లైన్లుగా రాసుకుంటుంది. ఆ లైన్ల ముందున్న టైమ్, ఇతర గుర్తులు తీసేసి, విలువలకు కోట్ గుర్తులు సరిచూసుకుంటే వీఎంఎక్స్ దాదాపు యథాతథంగా తిరిగొస్తుంది.

లాగ్ కూడా లేకపోతే కొత్త మెషీన్ సృష్టించి పాత డిస్క్‌ను దానికి తగిలించడమే. ఈ పని చాలామంది చేస్తారు, చాలామంది బోల్తా పడతారు కూడా. పాతది యూఈఎఫ్‌ఐతో (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త తరం ప్రోగ్రామ్‌తో) బూట్ అయ్యేదై, కొత్తది బయోస్‌తో పెడితే ‘ఆపరేటింగ్ సిస్టమ్ లేదు’ అంటుంది. డిస్క్ కంట్రోలర్ రకం మారితే విండోస్ నీలి తెర మీద బూట్ పరికరం అందడం లేదని చెప్పి ఆగిపోతుంది. ఈ రెండు ఎర్రర్లూ చూసి డేటా పాడైందనుకుని రిపేర్ టూల్స్ నడిపేవాళ్లున్నారు. నిజానికి పాడైంది ఏమీ లేదు, సెట్టింగ్ ఒకటి సరిపోలలేదంతే. నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ మారడం వల్ల పాత ఐపీ పోవడం, మ్యాక్ అడ్రస్‌కు ముడిపెట్టిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు పనిచేయకపోవడం కూడా మామూలే.

స్నాప్‌షాట్ గొలుసు

వర్చువల్ మెషీన్ రికవరీలో అసలు చిక్కంతా ఇక్కడుంది. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి పాత డిస్క్ ఇక మారదు. కొత్తగా రాసేవన్నీ డెల్టాలోకి పోతాయి. డెల్టాలో ఉండేది మారిన ముక్కలు మాత్రమే. మిగతా వాటి కోసం కింద ఉన్న డిస్క్ వైపు చూడాల్సిందే. అంటే గొలుసులో పై లింకుకు కింది లింకు లేకుండా అర్థం లేదు.

ఈ బంధాన్ని వీఎంవేర్ సీఐడీ అనే గుర్తు సంఖ్యతో కాపాడుతుంది. ప్రతి డిస్క్రిప్టర్‌లో తన సీఐడీ ఒకటి, తల్లి డిస్క్ సీఐడీ ఒకటి ఉంటాయి. అన్నిటికీ అడుగున ఉండే డిస్క్‌లో తల్లి స్థానంలో వరుసగా ఎనిమిది ‘ఎఫ్’లు ఉంటాయి. డిస్క్‌ను తెరిచి మొదటిసారి రాయగానే దాని సీఐడీ మారుతుంది. బిడ్డ దగ్గర రాసి ఉన్న సంఖ్య, తల్లి దగ్గరున్న సంఖ్య కలవకపోతే ‘బిడ్డ పుట్టాక తల్లి డిస్క్ మారింది’ అన్న అర్థం వచ్చే ఎర్రర్‌తో మెషీన్ ఆగిపోతుంది.

ఇది ఎలా జరుగుతుందో చూడాలి. మెషీన్ 000003 అనే డెల్టా మీద నడుస్తోంది. ఏదో ఇబ్బంది వచ్చి వీఎంఎక్స్ పోయింది. ఎవరో కొత్త మెషీన్ చేసి, అంకెలు లేని పేరున్న అడుగు డిస్క్‌ను తగిలించి పవర్ ఆన్ చేశారు. మెషీన్ లేచింది! కానీ ఆరు నెలల కిందటి డేటాతో లేచింది. ఆ అయిదు నిమిషాల్లో విండోస్ తన అలవాటు ప్రకారం అడుగు డిస్క్ మీద లాగ్‌లు, అప్‌డేట్లు, పేజ్ ఫైలు రాసేసింది. ఇప్పుడు మూడు డెల్టాలూ మారిపోయిన తల్లి మీద వేలాడుతున్నాయి. మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ హైపర్-వీలోనూ ఇదే ప్రమాదం ఉంది, ఇంకా తేలిగ్గా ముంచుకొస్తుంది: అడుగున ఉన్న వీహెచ్‌డీఎక్స్ అనే డిస్క్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే విండోస్ దాన్ని రాయడానికి వీలుగా మౌంట్ చేసేస్తుంది (డ్రైవ్‌లా తెరిచేస్తుంది). లోపల ఏముందో చూద్దామనే చేస్తారు, గొలుసు తెగుతుంది.

డెల్టా డిస్క్రిప్టర్‌లో తల్లి సీఐడీ సంఖ్యను చేత్తో మార్చి మెషీన్‌ను లేపవచ్చన్న సలహా విరివిగా వినిపిస్తుంది. అది సగం నిజం. డిస్క్రిప్టర్ మాత్రమే తారుమారై, లోపలి డేటా అసలు మారకపోతే ఆ మార్పు నూటికి నూరుపాళ్లు సరైన వైద్యం. కానీ అడుగు డిస్క్ మీద నిజంగా రాత జరిగి ఉంటే, సంఖ్య మార్చడమంటే ఎర్రర్ నోరు నొక్కడమే. మెషీన్ లేస్తుంది, కొన్ని ఫోల్డర్లు బాగానే ఉంటాయి, కొన్ని ఫైళ్ల లోపల చెత్త ఉంటుంది. ఏవి ఏవన్నది వెంటనే తెలియదు. అలాంటప్పుడు ఆ మెషీన్‌ను నడిపే ఆలోచన మానుకుని, అందులోంచి కావాల్సిన ఫైళ్లను ఒక్కొక్కటిగా బయటికి తీసి పరీక్షించుకోవడమే నయం.

గొలుసు సరిగ్గా కుదిరిందనిపించాక కూడా ‘డిలీట్ ఆల్’ నొక్కి స్నాప్‌షాట్లను కలిపేయడం తొందరపాటే. ఆ పని పాత ఫైళ్లలోనే రాస్తుంది, వెనక్కి తీసుకోలేం. వీఎంకేఎఫ్‌ఎస్‌టూల్స్‌కే గొలుసులో చిట్టచివరి డెల్టా డిస్క్రిప్టర్ ఇచ్చి క్లోన్ చేయమంటే, గొలుసు మొత్తాన్ని చదివి ఒకే కొత్త డిస్క్‌గా రాసిపెడుతుంది. పాతవాటి జోలికి పోదు. చోటు ఎక్కువ కావాలి, టైమ్ పడుతుంది, కానీ నిద్ర పడుతుంది.

మధ్య లింకు ఒకటి అసలే లేకపోతే? మూడు డెల్టాల్లో రెండోది పోయిందనుకుంటే, మొదటి డెల్టా నాటి స్థితి వరకు మెషీన్‌ను పూర్తిగా తేవచ్చు. మూడో దానిలో ఉన్నవి విడి ముక్కలే. వాటిలోంచి ఫైళ్లు ఏరడం డేటా రికవరీ నిపుణుల పని, ఫలితానికి హామీ ఉండదు.

చిన్నవాటి సంగతి

వీఎంఎస్‌డీ పోతే స్నాప్‌షాట్ మేనేజర్ ఖాళీగా కనిపిస్తుంది గానీ మెషీన్ డెల్టా మీదే నడుస్తూ ఉంటుంది. మెషీన్ సవ్యంగా ఉందని తేలాక కొత్త స్నాప్‌షాట్ ఒకటి తీసి, అన్నిటినీ కలిపేయమంటే సర్దుకుంటుంది. స్వాప్ ఫైలు పవర్ ఆన్‌లో తనంతట పుడుతుంది, డేటాస్టోర్‌లో చోటుంటే చాలు. మెషీన్ లేవకపోవడానికి ఆ చోటు లేకపోవడమే కారణమైన సందర్భాలు తక్కువేం కాదు. లాక్ ఎర్రర్ వస్తే వేరే హోస్ట్ (మెషీన్లను నడిపే సర్వర్) ఏదైనా ఆ ఫైలును పట్టుకుని ఉందేమో చూడాలి. వర్క్‌స్టేషన్‌లో మిగిలిపోయిన ఎల్‌సీకే (లాక్ గుర్తు) ఫోల్డర్లను, మెషీన్ ఎక్కడా నడవడం లేదని నిర్ధారించుకున్నాక పక్కకు తీసేయవచ్చు.

ఎన్‌వీర్యామ్ కూడా పోతే కొత్తది పుడుతుంది, కానీ ఇక్కడో మెలిక ఉంది. మెషీన్‌కు వర్చువల్ టీపీఎం (రహస్య కీలను దాచే చిప్‌కు సాఫ్ట్‌వేర్ రూపం) ఉంటే దాని రహస్యాలు ఉండేది ఈ ఫైలులోనే. లోపల విండోస్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ పెట్టి ఉంటే రికవరీ కీ అడుగుతుంది. ఆ 48 అంకెల కీ ఎక్కడైనా రాసిపెట్టి లేకపోతే, ఫ్లాట్ ఫైలు నిక్షేపంలా ఉన్నా ఉపయోగం సున్నా. కిలోబైట్లలో ఉండే ఫైలు కూడా మొత్తం మెషీన్‌ను ముంచగలిగే సందర్భం ఇది.

ఇతర వేదికలు

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో లినక్స్ నేర్చుకునేవాళ్ల ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది వర్చువల్‌బాక్స్ అనే వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్. కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయాక మెషీన్ పేరు పక్కన ‘ఇన్‌యాక్సెసిబుల్’ అని వస్తే, ముందుగా సెట్టింగులు ఉండే వీబాక్స్ ఫైలు సున్నా బైట్లు అయిందేమో చూడాలి. పక్కనే పేరు చివర ‘ప్రెవ్’ అని ఉండే పాత ప్రతి ఉంటుంది. దాని పేరు మార్చి అసలు ఫైలు స్థానంలో పెడితే చాలాసార్లు పని అయిపోతుంది. స్నాప్‌షాట్లు ఉంటే మాత్రం కొత్త మెషీన్‌కు అడుగు వీడీఐని (డిస్క్ ఫైలును) తగిలించి లేపకూడదు. పైన చెప్పిన కథే పునరావృతం అవుతుంది.

హైపర్-వీలో వీహెచ్‌డీఎక్స్ ఫార్మాట్ పాత వీహెచ్‌డీ కంటే గట్టిది. హెడర్ రెండు ప్రతులుగా ఉంటుంది, మెటాడేటా మార్పులను ముందు లాగ్‌లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా చాలావరకు తట్టుకుంటుంది. తల్లి డిస్క్ చోటు మారి గొలుసు తెగితే సెట్-వీహెచ్‌డీ అనే పవర్‌షెల్ కమాండ్‌తో మళ్లీ కలపవచ్చు. గుర్తింపు సంఖ్య కలవకపోయినా పట్టించుకోవద్దనే ఆప్షన్ కూడా అందులో ఉంది. సీఐడీ గురించి చెప్పిన హెచ్చరికే దానికీ వర్తిస్తుంది.

లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎంలో క్యూకౌ2 రకం డిస్క్‌కు క్యూఎమ్యూ-ఇమేజ్ చెక్ కమాండ్ ఉంది. అది ‘లీక్’లు చూపిస్తే కంగారు అక్కర్లేదు, కొంత చోటు వృథా అయిందని అర్థం. ‘ఎర్రర్’లు చూపిస్తే మాత్రం డేటా దెబ్బతిని ఉండవచ్చు. రిపేర్‌లో లీక్‌లను మాత్రమే సరిచేసే పద్ధతి నిరపాయం, అన్నిటినీ సరిచేయమనేది కాపీ మీదే చేయాలి. నడుస్తున్న మెషీన్ డిస్క్ మీద ఈ రిపేర్ నడిపితే డిస్క్ పాడయ్యే ప్రమాదం ఉంది. లినక్స్ హోస్ట్‌లో ఒక చిన్న అదృష్టం ఉంది. నడుస్తున్న మెషీన్ డిస్క్ ఫైలును ఎవరైనా పొరపాటున డిలీట్ చేసినా, మెషీన్ ఆగిపోనంత వరకు ఆ ఫైలు నిజంగా పోదు. ‘ప్రాక్’ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఆ ప్రాసెస్ తెరిచిన ఫైళ్ల జాబితాలోంచి, మెషీన్‌ను పాజ్‌లో పెట్టి, కాపీ తీసుకోవచ్చు. ఆ సమయంలో రీస్టార్ట్ చేసినవాళ్లు ఆ ఒక్క అవకాశాన్నీ పోగొట్టుకుంటారు.

డిస్క్ లోపలే దెబ్బ తగిలితే

డిస్క్ తెరుచుకుంది, లోపలి విండోసో లినక్సో లేవడం లేదు. అప్పుడు దాన్ని మరో ఆరోగ్యకరమైన మెషీన్‌కు రెండో డిస్క్‌గా, చదవడానికి మాత్రమే వీలుగా తగిలించి చూడాలి. లినక్స్ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ విషయంలో ‘రీడ్ ఓన్లీ’ అని మౌంట్ చేసినా జర్నల్‌ను (మధ్యలో ఆగిన రాతల చిట్టాను) నడిపి డిస్క్ మీద రాస్తుంది. దాన్ని ఆపాలంటే ‘నోలోడ్’ ఆప్షన్ కూడా ఇవ్వాలి. విండోస్ చెక్‌డిస్క్, లినక్స్ ఎఫ్‌ఎస్‌సీకే రెండూ ఫైల్ సిస్టమ్‌ను సవ్యంగా చేయడానికి పుట్టినవే తప్ప ఫైళ్లను కాపాడటానికి కాదు. అడ్డొచ్చిన ఎంట్రీలను అవి మొహమాటం లేకుండా కత్తిరిస్తాయి. కాబట్టి ముందు కావాల్సిన ఫైళ్లు బయటికి, ఆ తర్వాతే రిపేర్.

డిస్క్ మొదటి భాగమే చెడిపోయి పార్టిషన్లు కనిపించకపోతే ఆశ వదులుకోనక్కర్లేదు. జీపీటీ పార్టిషన్ పట్టికకు (డిస్క్ ఏ భాగాలుగా విడి ఉందో చెప్పేది) డిస్క్ చివర మరో ప్రతి ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా తన బూట్ సెక్టార్ ప్రతిని పార్టిషన్ చివర దాచుకుంటుంది. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత టూల్ ఈ ప్రతులను వెతికి నిలబెడుతుంది.

మెషీన్ లేచాక మొదటిసారి నెట్‌వర్క్ తీసేసి నడపాలి. లాగిన్ స్క్రీన్ వచ్చిందంటే డేటాబేస్ బాగుందని కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే డేటాబేస్‌ను పరీక్షించే డీబీసీసీ చెక్‌డీబీ కమాండ్ నడిపి, ఎర్రర్లు లేవని తేలాకే వాడుకదారులకు ఇవ్వాలి. అన్నిటికంటే ముప్పు డొమైన్ కంట్రోలర్‌తో (సంస్థలోని యూజర్లు, కంప్యూటర్ల డైరెక్టరీని నడిపే సర్వర్‌తో). పాత స్థితిలో లేచిన కంట్రోలర్ మిగతావాటితో కలిసి, తాను వెనకబడిన సంగతి ఎవరికీ తెలియకుండా నడిస్తే డైరెక్టరీ సమాచారం ఒక్కోచోట ఒక్కోలా తయారవుతుంది. విండోస్ సర్వర్ 2012 నుంచి దీన్ని పసిగట్టే ఏర్పాటు వచ్చింది గానీ, దానికి కింద ఉన్న హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) సహకారం కావాలి. ఆరోగ్యంగా ఉన్న మరో డొమైన్ కంట్రోలర్ ఉన్నప్పుడు చెడిపోయిన దాన్ని బతికించే శ్రమ దండగ. దాని పేరు డైరెక్టరీలోంచి తీసేసి, కొత్త మెషీన్‌ను కంట్రోలర్‌గా నిలబెట్టుకుంటే అదే రోజు పని పూర్తవుతుంది.